ఒకే శీర్షిక, రెండు మనోలోకాలు: ‘చివరకు మిగిలేది’ నవల, చలనచిత్రం

1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో, సావిత్రి ప్రధాన పాత్ర ధరించిన ‘చివరకు మిగిలేది’ చలనచిత్రం వెలువడింది. అప్పటికి పదేళ్లకు పైగా ఆ పేరు తెలుగు పాఠకులకు బుచ్చిబాబు నవలగానే పరిచితం. 1946-47 సంవత్సరాలలో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చిన ఆ నవలకూ, ఈ చిత్రానికీ కథాసంబంధం ఏమీ లేదు. పేరు చూసి చిత్రాన్ని నవలకు తెరరూపంగా భావించడం పొరపాటే. అయితే ఆ పొరపాటును సరిదిద్దడంతో పరిశోధకుని పని ముగిసిపోదు. ఒకే శీర్షికను ధరించిన ఈ రెండు రచనలూ ఆధునిక మనశ్శాస్త్రాన్ని తెలుగువారికి రెండు వేర్వేరు ద్వారాల నుంచి పరిచయం చేశాయి. నవల మనస్సును ఒక ప్రశ్నగా స్వీకరించింది. చిత్రం దానిని ఒక వ్యాధిగా స్వీకరించింది. రెండింటిలోనూ గాయపడినది వైద్యం చేసే వ్యక్తే కావడం గమనింపదగిన విషయం.

నవలానాయకుడు దయానిధి వృత్తిరీత్యా వైద్యుడన్న సంగతికి విమర్శలో దక్కవలసినంత స్థానం దక్కలేదు. అతని తల్లి, ఆమెపై పడిన అపవాదు, కోమలి, అమృతం, సుశీల, భార్య ఇందిర — ఈ సంబంధాల చుట్టూనే చర్చ ఎక్కువగా సాగింది. తల్లి శీలాన్ని గూర్చి లోకం చెప్పుకొనే మాటలు దయానిధి ప్రతి ప్రేమప్రయత్నానికీ అడ్డుగా నిలుస్తాయి. దీనిని ఫ్రాయిడ్ ప్రతిపాదించిన ఈడిపస్ గ్రంథితో ముడిపెట్టడం సులభం. బుచ్చిబాబు ఆంగ్లసాహిత్య అధ్యాపకుడు, షేక్స్పియర్‌పై విశేషంగా రాసినవాడు. హామ్లెట్ నిష్క్రియత్వాన్ని తల్లిపట్ల గల అచేతన వాంఛతో వివరిస్తూ ఎర్నెస్ట్ జోన్స్ 1910లోనే వ్యాసం ప్రకటించాడు. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి దయానిధిని తెలుగు హామ్లెట్‌గా తీర్మానించవచ్చు.

కాని నవలను నిదానంగా చదివితే ఈ తీర్మానం నిలువదు. దయానిధి మనస్సులో తల్లి వాంఛావిషయంగా లేదు, వదంతిగా ఉంది. ఆమెను గూర్చి అతనికి తెలిసినదానికంటె ఊరు అన్నదే ఎక్కువ. అచేతనం లోపలి నుంచి పైకి వచ్చి అతన్ని పీడించడం లేదు. వీధి అరుగు మీది మాట లోపలికి ప్రవేశించి అచేతనంగా స్థిరపడింది. ఫ్రాయిడ్ చూపిన దిశకు ఇది దాదాపు వ్యతిరేకదిశ. బుచ్చిబాబు మనోవిశ్లేషణను అన్వయించలేదు, దాని పరికరాలతో తెలుగు కుటుంబంలో పరువు అనే భావం ఎలా పనిచేస్తుందో పరిశీలించాడు. నవల మనోవైజ్ఞానికం అనే విశేషణాన్ని దాటి తాత్త్వికం కావడానికి కారణం ఇదే. దయానిధికి కావలసినది చికిత్స కాదు. తనను తాను ఏ దృష్టితో చూచుకోవాలో తేల్చుకోవడం అతనికి కావాలి. ఆ దృష్టి లోకానిదా, తనదా అన్నది అతనికి చాలాకాలం తెలియదు.

ఈ వెదుకులాటలో అతని వైద్యవృత్తి కీలకమవుతుంది. వజ్రకరూరు ప్రాంతానికి చేరిన దయానిధికి వజ్రం దొరకడం, ఆ ధనంతో ఆసుపత్రి నెలకొల్పడం కథాసంవిధానంలో కొంత అతుకుగా కనిపిస్తుంది. నవల మొత్తంలో బలహీనమైన మలుపు ఇదే అనవచ్చు. అయినా రచయితకు ఆ ఆసుపత్రి అవసరం. ప్రేమను ఇవ్వలేకపోయిన మనిషి, అందుకోలేకపోయిన మనిషి, పరిచర్య చేయడం ద్వారా లోకంతో సంధి కుదుర్చుకోగలడా అన్నది అక్కడ పరీక్షకు వస్తుంది. ప్రాంతీయ విద్వేషాలు ఆ ఆశ్రయాన్ని కూడా నిలువనీయవు. ప్రేమ కంటె దయ మిన్న అనే భావన వైపు నవల మొగ్గుతుంది గాని, ఆ దయ కూడా మనిషికి నిశ్చింతను ఇస్తుందని ఎక్కడా హామీ ఇవ్వదు. ఈ నవలకు మొదట అనుకున్న పేరు ‘ఏకాంతం’ అన్న సంగతి ఈ సందర్భంలో గుర్తుకు రాక తప్పదు.

ఇంతటి అంతర్ముఖమైన వస్తువును ఆనాటి తెలుగు సినిమా స్వీకరించగలిగేదా? దీనికి సమాధానం మరొక రచయిత జీవితంలో దొరుకుతుంది. త్రిపురనేని గోపీచంద్ తత్త్వవేత్తలను గూర్చి తెలుగులో గ్రంథం రాసినవాడు. ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు ఆత్మవినాశాన్ని అణువణువునా నమోదు చేసినవాడు. ఆయనే సినిమా రచయిత, దర్శకుడు కూడా. ‘లక్ష్మమ్మ’ (1950), ‘పేరంటాలు’ (1951), ‘ప్రియురాలు’ (1952) ఆయన దర్శకత్వంలో వచ్చాయి. ఒకే చేయి కలమూ, కెమెరా కూడా పట్టింది. అయినా సీతారామారావు వంటివాడు ఆయన తెరపై కథానాయకుడు కాలేదు. దీనిని రచయిత రాజీగా భావించడం తొందరపాటు. తనతో తాను వాదించుకుంటూ శిథిలమయ్యే మనిషిని చూపడానికి నవలకు వాక్యం ఉన్నది. అప్పటి తెలుగు సినిమాకు ఉన్న సాధనాలు సంభాషణ, పాట. ఆ రెండింటికీ ఎదుట మరొక మనిషి గాని, వినే లోకం గాని కావాలి.

కనుక మనోవిశ్లేషణ తెలుగు తెరపైకి తెలుగు నవల నుంచి రాలేదు, కలకత్తా నుంచి వచ్చింది. రామినీడు చిత్రానికి మూలం అసిత్ సేన్ దర్శకత్వంలో సుచిత్రా సేన్ నటించిన బెంగాలీ చిత్రం ‘దీప్ జ్వేలే జాయ్’ (1959). దానికి ఆధారం ఆశుతోష్ ముఖోపాధ్యాయ రచించిన ‘నర్స్ మిత్ర’ కథ. ఇటువంటి కథ బెంగాలులో పుట్టడం యాదృచ్ఛికంగా తోచదు. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాడు. ఈడిపస్ సిద్ధాంతం భారతీయ రోగులకు యథాతథంగా వర్తించదని ఆయనతోనే విభేదించాడు. 1940లో లుంబినీ పార్క్ మానసిక చికిత్సాలయం కూడా ఆ నగరంలోనే వెలసింది. మనోవిశ్లేషణ ఒక వైద్యపద్ధతిగా, సంస్థగా కళ్లెదుట కనిపించిన నగరమది. తెలుగు రచయితలకు అది ప్రధానంగా పుస్తకాల ద్వారా అందిన విద్య. బుచ్చిబాబు దానిని ప్రశ్నగా మలచుకోవడానికీ, బెంగాలీ కథ దానిని వార్డుగా, మంచంగా, ప్రయోగంగా చూపడానికీ గల తేడాలో ఈ పరిస్థితుల ఛాయ ఉన్నది.

కథ క్లుప్తంగా ఇది. ప్రేమవైఫల్యంతో మతి చెడిన యువకుల కోసం ఒక వైద్యుడు కొత్త చికిత్సను ప్రయోగిస్తాడు. నర్సు రోగికి స్నేహితురాలిగా, ప్రేయసిగా నటించాలి. అతని మనస్సులో పేరుకొన్న అనురాగానికి ఒక దారి చూపాలి. తాను మాత్రం చలించకూడదు. మొదటి రోగిని అలా స్వస్థుణ్ణి చేసే క్రమంలో ఆమె నిజంగానే ప్రేమిస్తుంది. అతడు నయమై వెళ్లిపోతాడు. రెండవ రోగి విషయంలోనూ చికిత్స ఫలిస్తుంది. అదే సమయంలో ఆమె మనస్సు విరిగి, తాను సేవ చేసిన చోటనే రోగిగా మిగులుతుంది.

రోగి తన పూర్వానురాగాలను వైద్యుని మీదికి మళ్లించడాన్ని ఫ్రాయిడ్ గుర్తించాడు. అలా పుట్టే ప్రేమను గూర్చి 1915లో ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. ఆ ప్రేమను వైద్యుడు తృణీకరించకూడదు, స్వీకరించనూ కూడదు, దానిని అర్థం చేసుకోవలసిన సామగ్రిగా చూడాలి అన్నది ఆయన అభిప్రాయం. చిత్రంలోని వైద్యుడు దీనికి పూర్తిగా విరుద్ధమైన పని చేస్తాడు. పుట్టే ప్రేమను విశ్లేషించడు, దానిని మందుగా వాడతాడు. శాస్త్రదృష్టితో ఇది తప్పు చికిత్స. కాని ఆ తప్పులోనే చిత్రానికి నైతిక బలం వచ్చింది. వైద్యుని వైపు నుంచి కూడా భావాలు రోగి మీదికి ప్రసరిస్తాయని ఫ్రాయిడ్ 1910 నాటికే హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ఈ కథలో ఒక స్త్రీ జీవితమైంది. సిద్ధాంతం వైద్యునిది, దేహమూ మనస్సూ నర్సువి. ప్రయోగం విజయవంతమైనట్లు లెక్క రాసుకొనే పుస్తకంలో ఆమెకు ఒక వరుస కూడా ఉండదు. స్త్రీ సహజంగానే తల్లి, ప్రేయసి, సేవకురాలు కనుక ఆమె అనురాగానికి తరుగుదల లేదన్న నమ్మకం మీద ఆ చికిత్స ఆధారపడింది. ఆ నమ్మకం వియన్నాలో పుట్టినది కాదు, మన ఇళ్లలోనిదే.

ఈ పాత్రకు సావిత్రిని ఎన్నుకోవడం వల్ల తెలుగు చిత్రానికి ఒక అదనపు అర్థం కలిగింది. నటిస్తున్న స్త్రీని నటించడం ఇందులోని కష్టం. రోగి ఎదుట ముఖం ఒకటి చెప్పాలి, అతడు చూడని క్షణంలో మరొకటి చెప్పాలి. నవల పేజీలకు పేజీలు అంతర్వాక్యంతో సాధించిన పనిని ఇక్కడ నటి ముఖం చేయవలసి వచ్చింది. గోపీచంద్ తెరకు దొరకని సాధనం ఈ చిత్రానికి దొరికింది. వైద్యవిద్య చదివిన ప్రభాకరరెడ్డి నటునిగా తొలిసారి కనిపించినది కూడా ఈ చిత్రంలోనే. ఇదే కథను అసిత్ సేన్ హిందీలో ‘ఖామోషీ’గా వహీదా రెహమాన్‌తో తీసినది 1969లో. తెలుగు ప్రేక్షకుడు దానిని తొమ్మిదేళ్ల ముందే చూశాడు. మనోవైకల్యాన్ని నవ్వులాటగా వాడుకోవడం, ఎర్రగడ్డ పేరును ఎగతాళి మాటగా మార్చడం తరువాతి తెలుగు సినిమాకు అలవాటైంది. ఆ అలవాటు దృష్ట్యా 1960 నాటి ఈ ప్రయత్నం మరింత ఒంటరిగా కనిపిస్తుంది. నవల వైపున మాత్రం ఆ ధార ఆగలేదు. రావిశాస్త్రి ‘అల్పజీవి’, ఆ తరువాత 1969లో నవీన్ ‘అంపశయ్య’ దానిని కొనసాగించాయి.

శీర్షిక ఒకటే అయినా ‘మిగిలేది’ అనే క్రియకు రెండు రచనలలోనూ కర్తలు వేరు. దయానిధి విషయంలో మిగిలేది ఏమిటన్నది అతడే వేసుకొనే ప్రశ్న. అతనికి చదువు, ధనం, ఎటైనా వెళ్లిపోగల స్వేచ్ఛ ఉన్నాయి. ఆసుపత్రి పోయినా అతడు కోమలితో కలిసి నడిచిపోగలడు, నడుస్తూ ఆలోచించగలడు. నర్సుకు ఆ ప్రశ్న వేసుకొనే తీరిక ఇవ్వబడలేదు. ఆమె తానే మిగులు. దయానిధి ఏకాంతం నవలకు తత్త్వాన్ని ఇచ్చింది. ఆమె ఏకాంతానికి దొరికినది వార్డులో ఒక గది. నయమైన రోగి ఆ సమయానికి గేటు దాటి వెళ్లిపోతూ ఉంటాడు.