మోటారు సైకిలు - మన్నిక - పూచీ

మోటారు సైకిలు కొనదలచినవాడు దుకాణములో మొదట అడుగునది పెట్రోలు ఖర్చును గురించి. తరువాత అడుగునది మన్నికను గురించి. ఈ కాలమున మూడవ ప్రశ్న ఒకటి బయలుదేరినది. అది కొనువాడు అడుగునది కాదు, అమ్మువాడు అడుగునది: "అదనపు వారంటీ కూడ వ్రాయమందురా?" బండి చెడిపోదని అంతవరకు చెప్పిన నోటితోనే, చెడిపోయినచో ఏమి చేయుదురని అడుగుట వింతగా తోచును. ఈ వింతకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. దానిని తెలిసికొన్నచో ఆ ప్రశ్నకు మనమే సమాధానము చెప్పుకొనగలము.

1885లో జర్మనీలో డైమ్లరు, మైబాకు అను ఇంజనీర్లు కొయ్య చట్రములో పెట్రోలు ఇంజను బిగించి ద్విచక్ర వాహనమును నడిపించిరి. అది ప్రయోగమే కాని సరకు కాదు. 1894లో మ్యూనిక్ నగరమున హిల్డెబ్రాండు, వోల్ఫ్‌మ్యుల్లరు కంపెనీ వారు తొలిసారిగా మోటారు సైకిళ్ళను వరుసగా తయారుచేసి విక్రయింపసాగిరి. మూడేండ్లకే ఆ వ్యాపారము మూతపడెను. యంత్రమును కనిపెట్టుట ఒక ఎత్తు, అది ప్రతి ఉదయము కదలునట్లు చేయుట ఒక ఎత్తు అని లోకమునకు అప్పుడే తెలిసివచ్చినది.

ఆ తొలినాళ్ళలో బండి నడుపువాడే దాని మెకానిక్కు. తోలు పట్టె తెగును, ప్లగ్గు మసిబారును, టైరు చీలును. అందుచేతనే ఆనాటి పోటీలలో పెక్కింటికి వేగముతోగాక నమ్మకముతో పని. 1907 మే 28వ తేదీన మాన్ ద్వీపమున తొలి టూరిస్టు ట్రోఫీ పందెము జరిగినది. సామాన్యులు వాడుకొను బండ్ల యోగ్యతను తేల్చుటకు దానిని ఉద్దేశించిరి. ఒక సిలిండరు బండి గాలను పెట్రోలుకు 90 మైళ్ళు, రెండు సిలిండర్ల బండి 75 మైళ్ళు నడచితీరవలెనని నియమము పెట్టిరి. బయలుదేరినవారు 25 మంది. గమ్యము చేరినవారు 10 మంది. రెండు సిలిండర్ల తరగతిలో నెగ్గిన రెం ఫౌలరు సహితము దారిలో పలుమారులు ఆగి పట్టెలను, ప్లగ్గులను సరిచేసికొనవలసివచ్చెను. తరువాత 1909లో స్కాట్లండున ఆరు దినముల పరీక్షయు, 1913లో ఇంగ్లండులోని కార్లైలు కేంద్రముగా అంతర్జాతీయమైన ఆరు దినముల పరీక్షయు ఆరంభమైనవి. వీనిలో ముందు వచ్చుటకన్న చెడిపోకుండ వచ్చుట ముఖ్యము.

అయితే కొనువారికి ఒక అనుమానము మిగిలియే ఉన్నది. పందెమునకు తెచ్చిన బండిని కంపెనీవారు ప్రత్యేకముగా తీర్చిదిద్దియుందురు. దుకాణములో మనకిచ్చు బండి అట్టిదేనని నమ్ముట ఎట్లు? ఈ అనుమానమును తీర్చుటకే 1923లో మాడ్స్ ట్రోఫీ ఏర్పడినది. ఆ ఏడు నార్టను కంపెనీ ఇంజనుకు కావలసిన భాగములను నిల్వలోనుండి పరీక్షాధికారియే ఏరగా, ఆ భాగములతో కూర్చిన ఇంజనును బ్రూక్‌లండ్స్ బాటపై 12 గంటలు పరుగెత్తించిరి. 1952లో బి.ఎస్.ఎ. కంపెనీ మూడు బండ్లను అట్లే పరాయి కంటితో ఎంపిక చేయించి, ఐరోపా మీదుగా ఆస్ట్రియాకు నడిపించి, అచట ఆరు దినముల పరీక్షలో మూడింటికి మూడు స్వర్ణపతకములు గెలిచి, తిరిగి ఇంగ్లండు చేర్చెను. మొత్తము సుమారు 4,900 మైళ్ళు. ఇచట మేము గమనింపగోరునది దూరమును కాదు, పద్ధతిని. తన సరకును తానే మెచ్చుకొనుట ప్రకటన. ఇతరులు ఏరిన సరకును ఇతరుల ఎదుట నడిపించుట రుజువు.

ఇంత ధైర్యము గల కంపెనీలు కొనువానికి వ్రాసి ఇచ్చిన పూచీ ఎంతటిది? ఈ భాగమే విచిత్రమైనది. ఆ కాలపు బ్రిటిషు మోటారు సైకిలు పట్టికల చివరి పుటలలో సన్నని అక్షరములతో గ్యారంటీ నిబంధనలు ఉండెడివి. గడువు సాధారణముగా ఆరు మాసములు. లోపమున్న భాగమును కర్మాగారమునకు పంపినచో మార్చియిత్తురు. కాని ఆ పూచీ, చట్టరీత్యా సంక్రమించు తక్కిన అన్ని పూచీలకు బదులుగా ఇవ్వబడుచున్నదని కూడ అందులోనే వ్రాసియుండెను. 1893 నాటి బ్రిటిషు సరకుల విక్రయ చట్టము ప్రకారము, అమ్మిన సరకు అమ్మదగిన నాణ్యత గలదిగా ఉండవలెను. కొనువాడు చెప్పిన పనికి తగినదిగా ఉండవలెను. కాని ఇరుపక్షములు ఒప్పుకొన్నచో ఆ హక్కును వదలుకొనవచ్చును. కంపెనీలు ఈ సందునే వాడుకొన్నవి. అనగా కాగితము ఆరు మాసముల పూచీ ఇచ్చినట్లు కనిపించుచు, అంతకన్న పెద్ద హక్కును మెల్లగా తీసికొనినది. ఇచ్చిన చేయి కనబడినది. పుచ్చుకొన్న చేయి కనబడలేదు.

ఈ నేర్పును న్యాయస్థానములు ఎల్లకాలము సహింపలేదు. 1960లో అమెరికాలోని న్యూజెర్సీ ఉన్నత న్యాయస్థానము హెన్నింగ్సెన్ వ్యాజ్యమున, కారు కంపెనీలన్నియు ఒకే మూసలో అచ్చువేసిన 90 దినముల వారంటీ కాగితము కొనువాని సహజమైన హక్కులను తుడిచివేయజాలదని తీర్పు చెప్పినది. బ్రిటనులో 1973, 1977 చట్టములు గృహస్థులకు జరుగు అమ్మకములలో ఇట్టి హక్కుల త్యాగమును చెల్లనేరనిదిగా చేసినవి.

ఈలోపల యంత్రమే మారిపోయినది. 1948లో స్థాపింపబడిన హోండా కంపెనీ 1958లో సూపర్ కబ్ అను చిన్న బండిని వెలువరించెను. మరుసటి ఏడు అమెరికాలో అంగడి తెరచిన పిమ్మట దాని పెద్ద బండ్లు అక్కడి దీర్ఘ ప్రయాణములకు, అధిక వేగములకు తట్టుకొనలేక, హెడ్ గాస్కెట్లు కారి, క్లచ్చులు జారి మూలపడినవి. కంపెనీ చెడిన బండ్లను జపానుకు తెప్పించి, ప్రయోగశాలలో పరీక్షించి, గాస్కెట్టును, క్లచ్ స్ప్రింగులను తిరిగి రూపొందించెను. 1962లో అదే కంపెనీ చిన్న బండ్లు గుడ్‌వుడ్ బాటపై ఏడు రాత్రింబగళ్ళు పరుగెత్తి మాడ్స్ ట్రోఫీని గెలుచుకొన్నవి. చమురు కారుటను సహజగుణముగా భావించిన బ్రిటిషు పరిశ్రమ క్రమముగా క్షీణించినది. మెరిడెనులోని ట్రయంఫ్ కర్మాగారము 1983లో మూతపడినది.

మన దేశము సంగతి చూతము. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి బుల్లెట్టు బండ్లను చేయసాగెను. 1960 ప్రాంతమున మైసూరులో ఐడియల్ జావా వెలసినది. ఆ దశాబ్దములలో ఉత్పత్తికి లైసెన్సులు, కొనువారికి నిరీక్షణము. బండికై వరుసలో నిలిచినవానికి పూచీని గురించి బేరమాడు శక్తి ఎక్కడిది? అందుచేత ఆంధ్రదేశమున కాని, మరెక్కడ కాని, అసలైన పూచీ కంపెనీ కాగితములో లేదు. వీధి మూలనున్న మెకానిక్కు చేతిలో ఉండెను. కాంటాక్టు పాయింట్లను గీకి, కార్బురేటరును ఊది, కొద్ది రూపాయలతో బండిని నడిపించి పంపిన ఆ పనివారికి మన రోడ్లు ఋణపడియున్నవి. 1984లో హీరో హోండా ఏర్పడి, 1985లో నాలుగు స్ట్రోకుల సి.డి. 100 బండిని తెచ్చిన పిమ్మట మన్నిక అనునది సామాన్యుని కోరికలలో చేరినది.

మన చట్టము 1930 నాటిది. అదియు బ్రిటిషు చట్టము అడుగుజాడలనే నడచినది. హక్కును ఒప్పందముతో వదలుకొను వీలును కూడ అట్లే ఉంచినది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము జిల్లా స్థాయిలో తీర్పరులను కల్పించినది. దాని స్థానమున 2020 జులైలో అమలునకు వచ్చిన 2019 చట్టము, లోపభూయిష్టమైన వస్తువు వలన కలిగిన హానికి తయారీదారుని బాధ్యుని చేయుటయేగాక, అన్యాయమైన ఒప్పందములను కొట్టివేయు అధికారమును సైతము కమీషనులకు ఇచ్చినది.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. 1970లో జార్జి అకర్లాఫ్ అను అర్థశాస్త్రజ్ఞుడు పాత కార్ల విపణిని గురించి ఒక వ్యాసము వ్రాసెను. అట్టి పరిశోధనలకే 2001లో ఆయన నోబెల్ బహుమానములో భాగస్తుడయ్యెను. వస్తువు గుణము అమ్మువానికి తెలిసినంతగా కొనువానికి తెలియదు. ఆ భయమును తగ్గించు సాధనములలో పూచీ ఒకటి అని ఆయన చెప్పెను. నాసిరకపు బండికి దీర్ఘకాలము పూచీ ఇచ్చినవాడు నష్టపోవును. కావున ధరలో చేర్చి, అడుగకయే ఇచ్చు పూచీ మంచి సరకునకు గుర్తు. వేరుగా వెల కట్టి అమ్ము అదనపు వారంటీ అట్లు కాదు. అది గుర్తు కాదు, మరియొక సరకు. అది ఒక విధమైన భీమా.

యంత్రములు చెడు తీరును ఇంజనీర్లు స్నానపు తొట్టి ఆకారముగల గీతతో చూపుదురు. తయారీలోని తప్పులు మొదటి మాసములలో బయటపడును. నడుమ చాల కాలము చెడుట అరుదు. చివర అరుగుదల వలన మరల పెరుగును. మొదటి గట్టును కంపెనీ మామూలు వారంటీ కాపాడును. అదనపు వారంటీ సాధారణముగా నడిమి మైదానమున మొదలై, చివరి గట్టు రాకమునుపే ముగియును. అరిగిపోవు చైను, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ పలకలు, టైర్లు మొదలగువానిని నిబంధనలు ముందే తొలగించియుండును. ఉదాహరణకు నూరుగురు తలకు వేయి రూపాయలు చెల్లించిరనుకొందము. అమ్మువాని ఖర్చులు, లాభము పోగా మిగిలినదే మరమ్మతులకు వచ్చును. కావున సగటున కొనువానికి లాభముండదు. ఏ భీమా అయినను ఇంతే.

అట్లని అది ఎల్లరకు నిరుపయోగము కాదు. 2019 నుండి 125 సి.సి.కి మించిన బండ్లకు ఎ.బి.యస్. తప్పనిసరియైనది, 2020 ఏప్రిలులో వచ్చిన కాలుష్య నియమములతో చాల బండ్లలో కార్బురేటరు పోయి ఇంధన ఇంజెక్షను వచ్చినది. వీధి మెకానిక్కు ఊది బాగుచేయజాలని ఎలక్ట్రానికు పెట్టెలు బండిలో చేరినవి. అవి చెడుట అరుదు. చెడినచో ఖర్చు భారము. ఒక నెల జీతమును ఒక్కసారిగా మరమ్మతుకు పెట్టజాలని కుటుంబమునకు, ఆ బండితోనే జీవనము సాగించు సరకుల చేరవేతగానికి ఈ చిన్న వెల పెద్ద భయమును తీర్చవచ్చును. చేతిలో కొంత నిల్వ ఉన్నవాడు ఆ సొమ్మును తన పెట్టెలోనే ఉంచుకొనుట మేలు.

ఏది చేసినను, సంతకమునకు ముందు మూడు సంగతులు చదువుట అవసరము: ఏ భాగములు తొలగింపబడినవి, ఏ సర్వీసు తప్పినచో పూచీ రద్దగును, బండి అమ్మినచో పూచీ కొత్త యజమానికి చెందునా. ఆరు మాసముల పూచీతో పెద్ద హక్కును పోగొట్టుకొన్న నాటివారు సన్నని అక్షరములు చదువనివారే. అక్షరములు నేడును సన్ననివే. చట్టము మాత్రము కొనువాని పక్షమునకు కొంత జరిగినది. తక్కిన దూరము చదువరి నడవవలసినదే.