మొహం ఎవరిస్తారు?

2007లో ఆన్‌సైట్ మీద కాలిఫోర్నియా వెళ్ళిన కొత్తల్లో డ్రైవింగ్ లైసెన్సు కోసం డీఎంవీకి వెళ్ళాను. ఫారంలో ఒక గడి ఉంటుంది, అవయవ దాతగా ఉంటారా అని. తోటి దేశీ మిత్రుడు "అవన్నీ ఎందుకు గురూ, వదిలెయ్" అన్నాడు గానీ నేను టిక్కు పెట్టేశాను. లైసెన్సు మీద గులాబీ చుక్క వచ్చింది. పోయాక ఈ ఒళ్ళు మనకెందుకు, పనికొచ్చేవన్నీ తీసుకుంటారులే అని కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ "అన్నీ"లో మొహం లేదని చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలీలేదు. గుండె, కాలేయం, కిడ్నీలు, కళ్ళు... వీటికి ఆ చుక్క చాలు. మొహం కావాలంటే మాత్రం విడిగా, ప్రత్యేకంగా అడిగి ఒప్పించాలి. ఎందుకింత తేడా అని తవ్వుకుంటూ పోతే ఒక ముప్ఫై ఏళ్ళ కథ బయటపడింది.

కథ మన దేశంలోనే మొదలుపెట్టొచ్చు. 1994లో పంజాబులో తొమ్మిదేళ్ళ పిల్ల జడ నూర్పిడి యంత్రంలో చిక్కుకుని మొహం, తల మీది చర్మం మొత్తం ఊడి వచ్చేశాయి. ఇంట్లోవాళ్ళు వాటిని ప్లాస్టిక్ సంచిలో వేసుకుని లూధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి పరిగెత్తారు. అబ్రహాం థామస్ అనే సర్జన్ రక్తనాళాలు కలిపి ఆ మొహాన్ని మళ్ళీ ఆ పిల్లకే అతికించారు. అది బతికింది. అంటే, సన్నటి నాళాలు కలిపి రక్తం పారిస్తే మొత్తం మొహం నిలబడుతుందని 1994కే తేలిపోయింది. కుట్టడం వచ్చేసింది. కాకపోతే అది ఆ పిల్ల సొంత మొహం, కాబట్టి మ్యాచింగ్ గొడవ లేదు. సొంతది మిగలనివాళ్ళ సంగతేమిటి? వేరే ఎవరో ఇవ్వాలి. అసలు చిక్కంతా అక్కడే.

2002లో లండన్‌లో పీటర్ బట్లర్ అనే ప్లాస్టిక్ సర్జన్ డాక్టర్లనీ, నర్సులనీ, మామూలు జనాన్నీ అడిగి చూశాడు. మీకు అవసరమొస్తే ఇంకొకరి మొహం పెట్టించుకుంటారా అంటే ఎక్కువమంది సరే అన్నారు. మరి పోయాక మీది ఇస్తారా అంటే ఆ చేతులన్నీ దిగిపోయాయి. తీసుకోవడానికి అందరూ, ఇవ్వడానికి కొందరే. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఆపరేషన్లు ఎంతో ముందుకెళ్ళాయి గానీ ఈ లెక్క పెద్దగా మారలేదని నాకనిపిస్తుంది.

మొదటి ముఖ మార్పిడి 2005 నవంబరు 27న ఫ్రాన్స్‌లోని అమియాఁలో జరిగింది. ఇసబెల్ దినువార్ అనే 38 ఏళ్ళ ఆవిడ ముక్కు, పెదాలు, గడ్డం ఆమె పెంపుడు కుక్క కొరికేసింది. బెర్నార్ దువషెల్, జాఁ మిషెల్ దుబెర్నార్ల బృందం, లిల్ నగరంలో బ్రెయిన్ డెడ్ అయిన 46 ఏళ్ళ ఆవిడ మొహంలోని అదే భాగాన్ని తెచ్చి అమర్చింది. ఫ్రాన్స్‌లో 1976 నుంచీ చట్టం ఎలా ఉందంటే, బతికుండగా వద్దని చెప్పకపోతే అవయవాలు ఇవ్వడానికి ఒప్పుకున్నట్టే లెక్క. అలాంటి చోట కూడా మొహం దగ్గరకొచ్చేసరికి కుటుంబాన్ని అడిగే తీసుకున్నారు.

ఇక మ్యాచింగ్ సంగతి. మన భాషలో చెప్పాలంటే ఇదొక క్వెరీ. కిడ్నీకైతే వేర్ క్లాజులో బ్లడ్ గ్రూపు, హెచ్ఎల్ఏ, యాంటీబాడీల పరీక్ష... ఇలాంటివి ఉంటాయి. మొహానికి అవన్నీ ఉండాలి, వాటిపైన చర్మం రంగు, వయసు, మామూలుగా ఆడా మగా కూడా కలవాలి. దవడ ఎముకలతో సహా మార్చాలంటే పుర్రె కొలతలు కలవాలి. రక్తప్రసారం ఆగాక కొన్ని గంటలే టైము కాబట్టి దూరం కూడా చూసుకోవాలి. ఒక్కో "అండ్" తగిలించేకొద్దీ రిజల్టులో రికార్డులు ఎలా కరిగిపోతాయో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో ఒక క్రూరమైన సంగతి ఉంది. బాగా కాలిపోయినవాళ్ళకి ప్రాణం నిలబెట్టడానికి సీసాలకి సీసాలు రక్తం ఎక్కిస్తారు, చనిపోయినవాళ్ళ చర్మం తెచ్చి తాత్కాలికంగా కప్పుతారు. పరాయి కణజాలం తగిలిన ప్రతిసారీ ఒంట్లో దానికి ఎదురు యాంటీబాడీలు పుట్టుకొస్తాయి. అంటే ప్రాణం కాపాడిన వైద్యమే తర్వాత దాతల్ని తగ్గించేస్తుంది. మొహం అందరికన్నా ఎక్కువ అవసరమైనవాళ్ళకే అది దొరకడం అందరికన్నా కష్టం. కారు ప్రమాదంలో కాలిపోయిన న్యూజెర్సీ కుర్రాడొకడికి సరిపోయే దాత దొరికే అవకాశం ఆరు శాతమే అన్నారు. చివరికి 2020 ఆగస్టులో న్యూయార్కులో ఎడ్వర్డో రోడ్రిగెజ్ బృందం అతనికి మొహం, రెండు చేతులూ కలిపి మార్చింది.

రంగు దగ్గర కథ ఇంకో మలుపు తిరుగుతుంది. రాబర్ట్ చెల్సీ అనే నల్లజాతి పెద్దాయన 2013లో కారు ప్రమాదంలో కాలిపోయారు. ఎదురుచూడగా చూడగా ఒక దాత దొరికాడని కబురొచ్చింది. అన్నీ కలిశాయి, రంగు ఒక్కటే ఆయనకన్నా బాగా తెలుపు. ఆయన వద్దన్నారు. అంత అవసరంలో ఉండి రంగు చూసుకోవడమేంటి అని మొదట నాకూ అనిపించింది. తర్వాత నన్ను నేనే అడిగాను: రేపు అద్దంలో వేరే జాతి మనిషి కనిపిస్తే నేను ఒప్పుకుంటానా? చెల్సీకి 2019 జులైలో, 68 ఏళ్ళ వయసులో, బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రిలో బోడన్ పోమహాచ్ బృందం ఆపరేషన్ చేసింది. పూర్తి మొహం మార్పిడి జరిగిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. అమెరికాలో నల్లవాళ్ళు డాక్టర్లని అంత తేలిగ్గా నమ్మరు. టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లవాళ్ళకి మందివ్వకుండా ఊరికే గమనిస్తూ కూచున్న ప్రభుత్వ వైద్యుల్ని చూసినవాళ్ళు ఎలా నమ్ముతారు? ఆ అపనమ్మకం బాకీ ఏళ్ళ తర్వాత ఇలా దాతల జాబితాలో తేలుతుంది. తీర్చాల్సి వచ్చేది ఏ పాపం ఎరగని రోగి.

సరే, అన్ని షరతులూ కలిసిన దాత దొరికాడే అనుకుందాం. ఆఖరి కాలమ్ ఒకటి మిగిలే ఉంటుంది. అది ఏ డేటాబేసులోనూ ఉండదు. ఐసీయూ బయట ఏడుస్తూ కూచున్న ఒక తల్లినో భార్యనో వెళ్ళి అడగాలి.

దీని బరువు నాకు కాస్త తెలుసు. మా నాన్న పోయినప్పుడు కళ్ళు ఇచ్చాం. ఐ బ్యాంకు కుర్రాళ్ళు ఇంటికే వచ్చారు. మా అమ్మ ఏడుపు ఆపుకుని అడిగింది ఒక్కటే: "బాబూ, మొహం చూట్టానికి బానే ఉంటుందా?" "ఏం తేడా తెలీదమ్మా" అన్నాడు ఆ అబ్బాయి. నిజంగానే తెలీలేదు. దూరం నుంచి బస్సుల్లో వచ్చిన చుట్టాలందరికీ కడసారి చూపు దక్కింది. ఆ కడసారి చూపే లేకుండా చేస్తామంటే మా అమ్మ ఏమనేదో నాకు తెలీదు. తెలుసేమో కూడా.

డాక్టర్లు ఈ సంగతి మొదట్నుంచీ ఎరుగుదురు. అందుకే అమియాఁలో దాత మొహానికి సిలికోన్ ముసుగు చేసి పెట్టి మరీ కుటుంబానికి అప్పగించారు. 2018లో న్యూయార్కులో దాత మొహాన్ని స్కాన్ చేసి త్రీడీ ప్రింటర్‌తో మాస్కు తయారుచేశారు. 2014 జులైలో అమెరికా ప్రభుత్వం మొహం, చేతుల్లాంటివాటిని కూడా అవయవాల లెక్కలో కలిపి జాతీయ మార్పిడి వ్యవస్థ కిందికి తెచ్చింది. కానీ వీటికి ప్రత్యేక అంగీకారం ఉండాల్సిందే అని నియమం పెట్టింది. నా గులాబీ చుక్క చెల్లనిది అందుకే. మొదట విసుగొచ్చింది గానీ ఆలోచిస్తే సబబే. లైసెన్సు క్యూలో టిక్కు పెట్టినప్పుడు నా మనసులో మొహం లేదు. నేననుకోనిదాన్ని నా పేరు మీద తీసుకుంటే, రేపు జనం భయపడి గుండె కూడా ఇవ్వడం మానేస్తారు.

ఫలితం ఏంటంటే, 2024లో జామా సర్జరీ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం 11 దేశాల్లో 48 మందికి కలిపి 50 మార్పిడులు. అంతే. పెట్టిన మొహం ఐదేళ్ళు నిలిచే అవకాశం 85 శాతం, పదేళ్ళకైతే 74 శాతం. పాడైపోతే మళ్ళీ దాతని వెతకాలి. పారిస్‌లో 2010లో మొహం మార్పించుకున్న ఒకాయనకి అది చెడిపోయి తీసేయాల్సి వచ్చింది. రెండో దాత దొరికి, 2018 జనవరిలో లోరాఁ లాంతియెరి ఆపరేషన్ చేసేదాకా సుమారు రెండు నెలలు ఆయన ఆసుపత్రిలో అసలు మొహమే లేకుండా ఉన్నారు.

మనవాళ్ళు ఇవ్వరు అని తేల్చేయడానికీ లేదు. కొచ్చి అమృత ఆసుపత్రిలో 2015లో దేశంలోనే మొదటి చేతుల మార్పిడి జరిగింది. 2017లో అక్కడే ఒక అమ్మాయికి అబ్బాయి చేతులు పెట్టారు. చేతులు కూడా పైకి కనిపించేవే. పాడె మీద అవి లేకపోతే తెలుస్తుంది. అయినా ఆ అబ్బాయి అమ్మానాన్నలు ఒప్పుకున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన జీవన్‌దాన్‌లో మనం ముందే పేరు రాయించుకున్నా, చివరికి సరే అనాల్సింది ఇంట్లోవాళ్ళే.

అందుకే మొన్న భోజనాల దగ్గర మా ఆవిడని కదిపాను. "గుండె, కళ్ళు ఎవరికైనా ఇచ్చెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. మొహం అంటే... ఆలోచించుకోనీండి" అంది. కాదని అనలేదు. ఆలోచించుకోవడానికి ఐసీయూ బయట దొరికే ఆ పావుగంట కంటే మా డైనింగ్ టేబులే నయం. మీ ఇంట్లో కూడా ఒకసారి అడిగి చూడండి.