పికప్‌లో ఫోర్ వీల్ డ్రైవ్: ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి

తుంగభద్ర ఆయకట్టులో సింధనూరు, గంగావతి చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడిన మనవాళ్లకు నల్లరేగడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. నాలుగు చినుకులు పడితే చాలు, టైరుకు చుట్టుకుని మడ్‌గార్డు దాకా పేరుకుపోతుంది. అలాంటి దారుల్లో వడ్ల బస్తాలు తెచ్చుకునే పికప్‌కు ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే మేలే. అయితే వాడే తీరు తెలియకపోతే అదే బండిని పాడుచేస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

మహీంద్రా బొలెరో క్యాంపర్‌లోని ఫోర్ వీల్ రకం, ఆంధ్రలోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్, ఇవన్నీ పార్ట్ టైమ్ పద్ధతివి. మామూలుగా వెనక చక్రాలకే బలం అందుతుంది. దీన్ని 2హెచ్ అంటారు. 4హెచ్ వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి ఒకే వేగంతో తిరుగుతాయి. 4ఎల్‌లో వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది.

ఆ ముడి దగ్గరే చిక్కంతా ఉంది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలోనైతే టైరు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారే వీలుండదు కాబట్టి ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. స్టీరింగ్ బిగుసుకోవడం, మలుపులో బండి పట్టేసినట్టు కదలడం, 4హెచ్ నుంచి 2హెచ్‌లోకి రాకుండా మొరాయించడం దీని గుర్తులు. అప్పుడు బలవంతం చేయొద్దు. నేరుగా కొన్ని మీటర్లు వెనక్కి నడిపితే చాలాసార్లు ఒత్తిడి వదిలి మామూలుకొస్తుంది. బురద దాటి తారు ఎక్కగానే 2హెచ్‌కు మారడం అలవాటు చేసుకోవాలి.

మనవాళ్లు ఎక్కువగా చేసే పని ఇంకొకటి: బండి ఇరుసు దాకా దిగబడ్డాక ఫోర్ వీల్ వేయడం. బురద కనిపించగానే, దిగకముందే వేయాలి. నడుస్తుండగా ఎంత వేగం దాకా 4హెచ్ వేయవచ్చో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. 4ఎల్‌కు మాత్రం బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి మార్చడమే మంచిది. నిటారు దిగుడులో 4ఎల్, మొదటి గేరు వేసుకుని, క్లచ్ తొక్కకుండా దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

ఇంతా చేసి నాలుగు చక్రాలూ లాగుతాయనుకోవడమూ పొరపాటే. డిఫరెన్షియల్ లాక్‌లాంటి ఏర్పాటు లేని బండిలో ముందు ఒకటి, వెనక ఒకటి గాలిలోనో బురదలోనో ఊరికే తిరుగుతుంటే బండి కదలదు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గుంట పెద్దదవుతుంది, అంతే. దిగి చక్రాల ముందు మట్టి తీసి, రాళ్లో కట్టెలో వేసుకోవడమే దారి. ఖాళీ పికప్‌కు వెనక బరువుండదు కాబట్టి వెనక చక్రాలు తొందరగా జారతాయి. నాలుగు బస్తాలు వెనక ఇరుసు మీద పడేలా వేసుకుంటే పట్టు బాగుంటుంది. నాలుగు టైర్లూ ఒకే సైజువి, దాదాపు ఒకే అరుగుదలతో ఉండాలి. ముందు కొత్తవి, వెనక గుండువి వేస్తే పైన చెప్పిన ఒత్తిడే మళ్లీ మొదలవుతుంది.

బ్రేకు విషయంలో ఫోర్ వీల్ చేసే సాయం ఏమీ లేదు. తడి రోడ్డు మీద బండి ఎక్కడ ఆగుతుందనేది టైర్లను, వేగాన్ని బట్టే ఉంటుంది. వాగు పొంగి కాజ్‌వే మీదుగా పారుతుంటే అసలే దిగొద్దు. రెండడుగుల నీరు వేగంగా పారితే పికప్‌ను కూడా తోసుకుపోగలదు. టైరు నేలను వదిలాక ఎన్ని చక్రాలకు బలం అందితే మాత్రం ఏం లాభం? నీళ్ల కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనబడదు కూడా. నీరు తగ్గేదాకా గట్టున ఆగండి. బస్తాలు తడిస్తే తడవనివ్వండి.