పాత సైకిలు, చిన్న దుకాణము

జైపూరు అనగానే పలువురికి రాజస్థానములోని గులాబివన్నె నగరము స్ఫురించును. నేను చెప్పబోవునది ఆ జైపూరు కాదు; మంచిర్యాల నుండి చెన్నూరు పోవు దారిలో, గోదావరికి ఉత్తరమున నున్న మన జైపూరు. నేడచ్చట సింగరేణి వారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రము కలదు. ఆ దారి ప్రక్కనే, రేకుల పందిరి క్రింది చిన్న దుకాణములో, మా తండ్రిగారి రాలీ సైకిలుకు కావలసిన ఇనుప గిన్నె ఒకటి నాకు దొరకినది. దాని కొరకు అంతకు పూర్వము రెండు గురువారములు హైదరాబాదులోని జుమ్మేరాత్ బజారంతయు గాలించి, వట్టిచేతులతో తిరిగి వచ్చితిని. రాజధానిలో దొరకనిది ఈ పల్లెదారిలో ఎట్లు దొరకినదో తెలియవలెనన్న కొంత వెనుకటి కథ చెప్పక తప్పదు.

ఇల్లెందు ప్రాంతమున బొగ్గున్నదని భూగర్భశాఖకు చెందిన డాక్టరు కింగ్ 1871లో కనుగొనెను. 1886లో ఇంగ్లండులో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడినది. 1920లో అది సింగరేణి కాలరీస్ అను పేరు దాల్చినది. కాజీపేట నుండి బల్లార్షాకు రైలుమార్గము 1929 నాటికి పూర్తికాగా బెల్లంపల్లి వైపు గనులు పెరిగినవి. గోదావరికి దక్షిణపు ఒడ్డున గోదావరిఖని 1960ల ఆరంభమున వెలసినది. గనిలో పని మూడు పాళ్లుగా సాగును. అర్ధరాత్రి దిగవలసినవానికి ఏ బస్సు దొరకును? చుట్టుపట్ల పల్లెలలో ఇల్లున్న కార్మికునకు సైకిలు ఒక అలంకారము కాదు. అది లేనినాడు మస్టరు లేదు, మస్టరు లేనినాడు కూలి లేదు. మా తండ్రిగారు తమ రాలీని ఆ రోజులలో ఒకరి చేతి మీదుగా పాతదిగానే కొనిరి. ప్రతి ఆదివారము దానికి నూనె వేయుట ఆయనకు సంధ్యావందనము వంటిది.

ఈ రాలీ అను పేరు నాటింగ్‌హాములోని ఒక వీధి పేరు. ఆ వీధిలోని చిన్న కార్ఖానాను ఫ్రాంక్ బౌడెన్ అనునతడు కొని, 1880ల చివర పెద్ద సంస్థగా పెంచెను. గాలి నింపిన టైరును డన్లప్ 1888లో పేటెంటు చేసినది కూడ ఆ కాలముననే. మన దేశమునకు సైకిళ్లు మొదట ఓడలపై దిగినవి. వాటిని తెప్పించి అమ్మిన వర్తకులే తరువాత తయారీదారులైరి. కలకత్తాలో సైకిళ్లు దిగుమతి చేసుకొను సుధీర్ కుమార్ సేన్ స్వాతంత్ర్యానంతరము రాలీ వారితో కలిసి ఆసన్‌సోల్ వద్ద సేన్-రాలీ కర్మాగారము నెలకొల్పెను. పంజాబులోని కమాలియా నుండి 1944లో అమృతసరము చేరిన ముంజాల్ సోదరులు మొదట అమ్మినవి సైకిలు విడిభాగములే. తరువాత లూధియానాకు మారి, 1956లో హీరో సైకిలు ప్రారంభించిరి. 1986 నాటికి ఆ సంస్థ ప్రపంచములో అత్యధికముగా సైకిళ్లు చేయునదిగా గిన్నిస్ గ్రంథమునకెక్కినది. కనుక మన దేశపు సైకిలు కథలో విడిభాగముల వర్తకుడు కర్మాగారమునకు తోక కాదు, తల.

కర్మాగారములు పోయినను అతడు మిగిలినాడు. సేన్-రాలీ 1980లో ప్రభుత్వ సంస్థగా మారి, కాలక్రమమున మూతపడినది. నాటింగ్‌హాములో రాలీ తయారీ 2002తో ముగిసినది. 1951లో సోనీపత్‌లో పుట్టిన అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారము 2020 జూన్ 3వ తేదీన పని నిలిపివేసినది. అది ప్రపంచ సైకిలు దినము కావడము విధి చేసిన పరిహాసము.

ఇక గిన్నె సంగతి. పెడళ్ల ఇరుసు తిరుగు గొట్టమునకు ఇరుప్రక్కల బిగించు దీనిని మెకానిక్కులు బి.బి. కప్పు అందురు. ఇంగ్లీషు సైకిళ్లలో సాధారణముగా ఈ గిన్నెపై అంగుళమునకు 24 మరచుట్లుండును. రాలీ వారు మాత్రము 26 పెట్టిరి. వ్యాసము ఒకటే, కంటికి భేదము కనబడదు. పొరపాటు గిన్నె మొదట సులువుగనే పట్టును, తరువాత బిగుసుకొనును. బలవంతము చేసితిమా, గిన్నెతోపాటు చట్రము కూడ చెడును. పైగా గొలుసు వైపు గిన్నె ఎడమమర. సవ్యముగా త్రిప్పిన ఊడివచ్చును. బజారులో పాతసామాను రాశిగా పోసి అమ్మువానికి ఇది ఏల తెలియును? అతడు ఇనుమును తూచును. జైపూరు దారిలోని వృద్ధుడు గిన్నెను చేతిలోనికి తీసికొని, గోటితో మరను ఒక్కసారి గీకి, "రాలీది" అని ప్రక్కన పెట్టినాడు. ఆ గోటికున్న విద్య ఏ పుస్తకములోను నేను చదువలేదు.

కొనువారికి రెండు మాటలు. మడ్గార్డుపైనున్న పేరును నమ్మరాదు. పేరు ఎవడైనను అచ్చువేయగలడు. చక్రము చేతికి వచ్చినప్పుడు పుల్లల రంధ్రములు లెక్కించుడు: పాత ఇంగ్లీషు పద్ధతిలో ముందుచక్రమునకు 32, వెనుకచక్రమునకు 40 ఉండును. అరుదుగా స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు దొరకినచో దానిపై తయారైన సంవత్సరము, నెల చెక్కియుండును. అంతకంటె నమ్మదగిన జాతకము వేరొకటి లేదు.

అట్టి హబ్బును అమ్మువాడు ఇనుము వెలకే ఇచ్చుచున్నప్పుడు నోరు మెదపక కొని వచ్చుట నేర్పరితనమని కొందరందురు. నాకది దొంగతనమునకు చిన్న చెల్లెలుగా తోచును. తెలిసిన వెల చెప్పినచో మనకు నాలుగు రూపాయలు ఎక్కువ పడును. కాని మరుసటిసారి అతడు అట్టి వస్తువును కొలిమికి పంపడు. ఇంకొక అపచారము కలదు. సేకరణ వేడుకగలవారు ఒక్క భాగము కొరకు నడుచుచున్న సైకిలునే విప్పించి, తక్కినది పారవేయించుచున్నారు. ఒక ముసలి కార్మికుని వాహనము అట్లు ముక్కలగుట నేను చూచితిని.

జైపూరు వృద్ధుని డబ్బాలో అట్టి గిన్నెలు రెండు కనబడినవి. మరల ఎప్పటికైనను పనికివచ్చునని రెండును ఇమ్మంటిని. అడిగిన వెల ఇత్తునంటిని. అతడు ఒకటి కాగితములో చుట్టి నా చేతికిచ్చి, రెండవది తిరిగి డబ్బాలో వేసినాడు.

"ఒకటే తీస్కపోండ్రి సారూ. రెండోది ఇందారం పెద్దాయనకు పెట్టిన. ఆయన సైకిలు ఇంకా నడుస్తనే ఉన్నది."