కొండగుడి తీర్థానికి ఉద్దానం నుంచి

డిసెంబరు 7 రాత్రి పలాస స్టేషన్లో విశాఖపట్నం బండి కోసం కూచునే జనంలో మావాళ్లు కూడా ఉండేవారు. మా మామ్మ, ఇద్దరు మేనత్తలు, వాడలోంచి ఇంకో పదిమంది. చేతిలో కొవ్వొత్తుల కట్ట, మూటలో అటుకులు, మొక్కున్నవాళ్ల దగ్గర కొబ్బరికాయలు. తెల్లారి వన్ టౌన్ దాకా నడిచి రాస్ కొండ ఎక్కేవారు. 8వ తేదీ నిష్కళంక మాత పండుగ. కేథలిక్కులు మహోత్సవమంటారు, మా మామ్మ మాత్రం తీర్థమనే అనేది. రావివలస ఎండల మల్లన్న జాతరకీ ఆమె దగ్గర అదే మాట.

ఇందులో విడ్డూరమేమిటంటే మావాళ్లు కేథలిక్కులు కారు. బాప్టిస్టులు. వాళ్ల లెక్కలో పునీతుల పండుగల్లేవు, స్వరూపాలు లేవు, మాతకు మొక్కులు అసలే లేవు. అయినా ఎందుకు వెళ్లేవారు? చదువుకున్న కొత్తలో ఇది మావాళ్ల అజ్ఞానం అనుకునేవాణ్ణి. అజ్ఞానం నాదేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముందు కొండ సంగతి. సవాయ్ ప్రాంతంలోని ఆన్సీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు విశాఖపట్నం వచ్చింది 1846లో. అప్పటికి సవాయ్ ఇంకా ఫ్రాన్సులో కలవలేదు. వాళ్లు మొదట చూసుకున్నది దళితుల్ని కాదు, కంపెనీ పటాలాల్లోని ఐరిష్ కేథలిక్ సిపాయిల్ని. రాస్ అనే దొర 1864లో ఆ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత ఆ ఇల్లే గుడి అయింది, కొండకు ఆయన పేరు మిగిలింది. పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద వెంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఒకదాని మీద మేరీమాత. కింద ఓడలు రేవులోకి వచ్చే కాలవ.

ఫాదర్లు తమతో తెచ్చుకున్న పాలక పునీతుడు ఫ్రాన్సిస్ డి సేల్స్. దొరల కుటుంబంలో పుట్టిన బిషప్పు. పోపు 1923లో ఆయన్ని రచయితలకూ పత్రికల వాళ్లకూ పాలకుడిగా ప్రకటించాడు, అంటే ఈ వ్యాసం రాసే నాకూ ఆయనే దిక్కన్నమాట. ఆయన పండుగ జనవరి 24. ఆ రోజున ఉద్దానం నుంచి బండెక్కిన మనిషిని నేను చూడలేదు. సభవాళ్ల పునీతుడు సభవాళ్లకే మిగిలాడు, జనం తల్లిని పట్టుకున్నారు.

ఇక్కడ పరిశోధకులు ఒక తేలిక మాట అంటారు. గ్రామదేవతకు అలవాటుపడ్డ జనం మేరీమాతలో అమ్మవారినే చూసుకున్నారని. గుణదలలో తలనీలాలివ్వడం, కొబ్బరికాయలు కొట్టడం చూపించి అదే రుజువంటారు. గుణదల కొండలో ఇటలీ ఫాదరు ఆర్లాటి 1924లో మాత స్వరూపం నిలబెట్టాడు. ఇప్పుడు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో అక్కడికి లక్షల జనం వస్తారు. పోలిక నిజమే, కాదనను. కానీ ఆ పోలిక ఊళ్లోంచి చూసినవాడికి కనబడేది. వాడలోంచి చూస్తే కనబడేది తేడా.

ఊరి అమ్మవారి సంబరంలో మనవాళ్లకు ఉన్నది భక్తి కాదు, పని. డప్పు కొట్టాలి, దున్నపోతును తోలుకురావాలి, నెత్తురు కలిపిన అన్నం రాత్రంతా పొలిమేర చుట్టూ పొలి చల్లాలి. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ 1916లో అచ్చువేసిన గ్రామదేవతల పుస్తకంలో ఈ పనుల్లో మాల మాదిగల పాత్ర వివరంగా ఉంది. అమ్మవారు మనది అంటారు గానీ, గుడి ముందు మన చోటు ఎక్కడో ఊరే చెప్పేది. ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర దగ్గర బాప్తిస్మం తీసుకున్న మాదిగలు మొదట మానుకున్నవాటిలో సంబరం డప్పు ఒకటి. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. దాన్ని కరువు కూటి కోసం కలిసిన మతమని రాసినవాళ్లు, డప్పు కింద పెట్టడమంటే ఊళ్లో ఏం పోగొట్టుకోవడమో రాయలేదు. పంట కళ్లంలో మేర పోతుంది. బావి పోతుంది. కూలీ పోతుంది.

మన వైపు ఆ పని చేసింది కెనడా బాప్టిస్టులు. 1870ల మధ్యలో కాకినాడలోనూ శ్రీకాకుళంలోనూ దిగి, తర్వాత పర్లాకిమిడి, టెక్కలి, సోంపేటల దాకా వచ్చారు. సోంపేటలో వాళ్ల ఆస్పత్రి, డాక్టర్ గలిసన్ చేసిన కంటి ఆపరేషన్లు ఇప్పటికీ ముసలివాళ్ల నోట వినబడతాయి. 1963లో కెనడాలో మొదలైన ఆపరేషన్ ఐసైట్ సంస్థకు మూలం ఆ సోంపేట పనే. బాప్టిస్టులు మనవాళ్ల చేతిలోంచి డప్పు తీశారు, పలక పెట్టారు. కానీ పండుగ తీసేసినచోట మరో పండుగ పెట్టలేదు. క్రిస్మస్, కోతకాలం కానుకలు, ఏడాదికోసారి సభలు. సభల్లో కూచోవాలి, వినాలి. నలుగురితో కలిసి నడిచిపోవడం, మొక్కు తీర్చుకోవడం, దారిలో నవ్వుకోవడం వాటిలో లేవు. మా ఆడవాళ్లు ఆ లోటును రాస్ కొండ మీద పూడ్చుకున్నారు. ఊరి సంబరంలో వాళ్లకు పని ఉంది, పండుగ లేదు. కొండ మీద పండుగ ఉంది, పని లేదు. అక్కడ మామ్మ చేసేదల్లా కొవ్వొత్తి వెలిగించి, కాసేపు గోడకు జేరబడి కూచోవడం. ఎవరూ లెమ్మనరని ఊరికొచ్చాక అదే పనిగా చెప్పేది.

సంఘంలో తెలిస్తే పాస్టరు బల్ల ఆపేవాడు. రెండు నెలలు బల్ల లేకుండా ఉండి, మళ్లీ డిసెంబరుకు బండెక్కేవారు.

దీనికి ఇంకో పార్శ్వం ఉంది, అది కాగితాల సంగతి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాతో హిందువు కానివాడు ఎస్సీ కాకుండా పోయాడు. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ సడలించారు, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి మనల్ని బీసీ-సిలో వేసి ఒక్క శాతం ఇచ్చారు. అందుకని బడి రిజిస్టర్లో హిందూ, ఇంట్లో బైబిలు. చెరువులో మునిగితే సంఘం పుస్తకంలో పేరు పడుతుంది, అది సాక్ష్యం. కొండ తీర్థానికి హిందువులూ వస్తారు, తురకలూ వస్తారు, అక్కడ కొవ్వొత్తి వెలిగించినంత మాత్రాన ఎవడూ క్రైస్తవుడని రుజువు కాదు. మామ్మకు మూడో పేరా తెలియదు. కానీ పేరు రాయించుకోవాల్సిన చోటుకూ, అడక్కుండా రానిచ్చే చోటుకూ తేడా బాగా తెలుసు. 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. 2025లో అదే రాష్ట్ర హైకోర్టు, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ లేదంది. మధ్యలో మనం.

కేథలిక్ గుళ్లలో కులం లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. తమిళనాడులోని ఎరైయూరులో 2008 మార్చిలో వన్నియ క్రైస్తవులు దళిత క్రైస్తవుల ఇళ్ల మీద పడ్డారు, పోలీసు కాల్పుల్లో ఇద్దరు చచ్చిపోయారు. గుళ్లో చోటు, శవం పోయే దారి, తేరు తిరిగే వీధి, అన్నీ తగువే. తెలుగునాట తొలి దళిత కార్డినల్‌గా పూల అంతోని 2022లో గానీ రాలేదు. రాస్ కొండ మావాళ్లకు నచ్చడానికి ఒక కారణం అది వాళ్ల ఊళ్లో లేకపోవడమే. రైలెక్కి పోయేచోట మన కులం తెలిసినవాడు తక్కువ. శ్రీకాకుళానికి 1993లో వేరే మేత్రాసనం ఏర్పడింది, బిషప్పు వచ్చాడు. అయినా డిసెంబరులో బండెక్కేవాళ్లు విశాఖకే ఎక్కారు.

మొక్కులు మాత్రం మారాయి. మామ్మ కాలంలో పిల్లలు బతకాలని, కంటిచూపు రావాలని. ఇప్పుడు వాడలో ఆడవాళ్లు క్రియాటినిన్ ఎంతుందో చెప్పి మొక్కుతున్నారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు, డయాలసిస్ రోజు చూసుకుని తీర్థానికి పోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరీ జీడీ పడగొట్టిన ఏడాది మా వాడ నుంచి ఒక్కరూ వెళ్లలేదు. తోటలు మనవి కావు, కూలి మనది. చెట్టు పడితే కూలి పడింది.

మొన్న డిసెంబరులో మా మేనత్త ఒక్కతే వెళ్లింది. ఆమె మనవడు అప్పుడే కులధ్రువీకరణ పత్రానికి అర్జీ పెట్టాడు, విచారణకు ఎవరైనా వస్తారని ఇంట్లోనే ఉన్నాడు. వాడి కొవ్వొత్తి కూడా ఆమె చేతికే ఇచ్చాడు.