బంతి, జీతం, సంతకం

చిక్కడపల్లిలో ఒక సాహిత్య సభ ముగిశాక, టీ తాగుతూ నిలబడ్డప్పుడు, ఒక యువ మిత్రుడు నన్ను కాస్త నిష్ఠూరంగానే అడిగాడు: "సార్, మీరు బంతాట మీద వ్యాసం రాస్తున్నారట. సాహిత్య పత్రికలో దానికేం పని?" అప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు కోఠిలో కాలిబాట మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే జవాబు తట్టింది. అది "జీతం" అనే మాటలో ఉంది.

తెలంగాణ పల్లెల్లో జీతం అంటే బ్యాంక్ స్ట్రీట్ గుమాస్తా నెలాఖరున లెక్కపెట్టుకునే నోట్లు కావు. జీతం ఉండడం అంటే దొర దగ్గరో పటేలు దగ్గరో ఏడాది పొడుగునా పనికి కట్టుబడడం. ఉగాదికి కుదిరితే మళ్ళీ ఉగాది దాకా. గడువు తీరాక జీతగాడు ఇంకో ఇంటికి పోవచ్చు, కాని ముందు తీసుకున్న బాకీ తీరి ఉండాలి. తీరకపోతే గడువు తీరినా మనిషి తీరడు. ఈ చిన్న ఏర్పాటులో మూడు ప్రశ్నలున్నాయి. కూలి ఎంత అనేది ఎవరు నిర్ణయిస్తారు? ఒప్పందం ఎంతకాలం? గడువు తీరాక మనిషి ఎవరివాడు? ప్రపంచంలో ఫుట్‌బాల్ ఆటగాళ్ళు నూరేళ్ళకు పైగా కోర్టుల్లోనూ సమ్మెల్లోనూ అడుగుతున్నవి కూడా ఈ మూడు ప్రశ్నలే. పాలేరు కథ రాసిన మనం ఆటగాడి కథను చూడకపోవడానికి అతను నిక్కరు తొడుక్కుని ఉండడం తప్ప నాకు వేరే కారణం కనిపించదు.

హైదరాబాదులో ఈ కథ పోలీసు జట్టుతో మొదలుపెట్టాలి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైనాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు ఆ జట్టుదే. దేశపు జట్టుకు కూడా ఆయనే గురువు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోనే వచ్చాయి. 1963 జూన్‌లో కాన్సరుతో పోయాడు. ఇదంతా చాలామంది చెప్పిన సంగతే. 2024లో బొంబాయివాళ్ళు ఆయన మీద సినిమా కూడా తీశారు. నాకు కావలసింది ఎవరూ పెద్దగా చెప్పనిది: ఆ పిల్లలు ఏ ఒప్పందం మీద ఆడారు?

ఒప్పందం అంటూ విడిగా కాగితం లేదు. ఉద్యోగమే ఒప్పందం. బస్తీ కుర్రవాడు బాగా ఆడితే పోలీసుశాఖలో చేర్చుకునేవారు. అతనికి వచ్చేది పోలీసు జీతం, ఆటకు విడిగా ధర లేదు. చట్టం దృష్టిలో అతను ఔత్సాహికుడు, అంటే డబ్బు కోసం ఆడనివాడు. ఒలింపిక్స్‌కు పంపాలంటే ఆ ముసుగు కావాలి కూడా. ఈ ఏర్పాటును ఎగతాళి చెయ్యడం సులభం. కాని ఆ కుర్రవాడి ఇంటివైపు నుంచి చూడండి. మోకాలు పోయినా ఉద్యోగం పోదు. ముప్ఫై రెండేళ్ళకు కాళ్ళు మొరాయించినా యాభై దాటేదాకా జీతం, ఆ తర్వాత పింఛను. పతకాల జాబితాలో కనబడని ఈ భద్రతే ఆ జట్టును అన్నేళ్ళు ఒక్కచోట నిలబెట్టిందని నా అభిప్రాయం. రహీం సాహెబ్ ప్రతిభను ఇది తక్కువ చెయ్యదు. ఆయన తీర్చిన ఆటగాళ్ళు ఏడాదికోసారి చెదిరిపోకుండా ఆయన చేతికింద మిగిలారంటే కారణం ఇది.

భద్రతకు వెల కూడా ఉంది. ఆట విలువ పెరిగినా జీతం పెరగదు. పై అధికారి మనసు మారితే మైదానం పోయి బందోబస్తు డ్యూటీ వస్తుంది. వేరే జట్టుకు పోవాలంటే ఉద్యోగమే వదులుకోవాలి. జీతగాడిని కట్టేసేది బాకీ అయితే ఇక్కడ కట్టేసేది పింఛను.

కలకత్తా ఈ కట్టును తెంపింది. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బుల వెనక వేలమంది అభిమానులు, వాళ్ళ టిక్కెట్ల డబ్బు, ధనిక పోషకులు ఉన్నారు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. 1966లో నయీముద్దీన్, హబీబ్ వెళ్ళారు. హబీబ్ తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా అదే దారి పట్టారు. 1965లో సంతోష్ ట్రోఫీ గెలిచిన ఆంధ్రప్రదేశ్ ఆ తర్వాత మళ్ళీ గెలవలేదు. పల్లెనుంచి పట్నానికీ, చిన్న పట్నంనుంచి పెద్ద పట్నానికీ శ్రమ వలసపోయే తీరును మనం ఎన్నో కథల్లో చిత్రించాం. నాంపల్లిలో రైలెక్కిన ఈ కుర్రవాళ్ళు ఆ కథల్లో లేరు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. ఫుట్‌బాల్‌కు పుట్టిల్లయిన ఇంగ్లండులో అప్పటి వృత్తి ఆటగాడికంటే కలకత్తా "ఔత్సాహికుడు" ఒక విషయంలో స్వేచ్ఛాజీవి. కలకత్తాలో సంతకం ఒక్క సీజనుకే. లీగు మొదలయ్యే ముందు సంఘం ఆఫీసుకు వెళ్ళి ఏ క్లబ్బు తరఫున సంతకం పెడితే ఆ ఏడాది ఆ క్లబ్బు. అందుకే ఆ రోజుల్లో ఆటగాళ్ళను ఎత్తుకుపోయి రహస్యంగా దాచి, సంతకం నాడు మనుషుల కాపలాతో తీసుకురావడం కలకత్తాలో వార్షికోత్సవంలా సాగేది. ఈ ముచ్చట్లు చెప్పుకుని నవ్వుకుంటారు. కాని సంతకానికి విలువ లేనిచోట మనిషిని ఎత్తుకుపోయే అవసరం ఎవరికీ రాదు.

ఇంగ్లండులో సంగతి ఇంకోలా ఉంది. ఒకసారి సంతకం పెడితే ఒప్పందం గడువు తీరినా ఆటగాడి నమోదు క్లబ్బు దగ్గరే ఉండేది. క్లబ్బు వదలకపోతే వేరేచోట ఆడరాదు. 1901 నుంచి జీతానికి గరిష్ఠ పరిమితి కూడా పెట్టారు. వారానికి 4 పౌండ్లతో మొదలై, 1961లో రద్దయ్యేనాటికి అది 20 పౌండ్లు. గేటు దగ్గర వేలమంది టిక్కెట్లు కొన్నా సరే, ఆడేవాడికి ఇరవైకి మించి రాదు. ఆ పరిమితిని రద్దు చేయించింది క్లబ్బుల దయ కాదు, జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ళ సంఘం సమ్మెకు సిద్ధపడడం. న్యూకాజిల్ క్లబ్బు వదలడం లేదని జార్జ్ ఈస్ట్‌హామ్ కోర్టుకెక్కితే, 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్ ఆ పట్టి ఉంచే పద్ధతి మనిషి వృత్తికి అన్యాయమైన అడ్డంకి అని తేల్చాడు. గడువు తీరినవాడు రుసుము లేకుండా పోవచ్చునని యూరప్ అంతటికీ తెలియడానికి 1995 డిసెంబరులో బోస్మన్ తీర్పు దాకా పట్టింది. బోస్మన్ బెల్జియంలో మామూలు ఆటగాడు. కేసు గెలిచేసరికి అతని ఆట అయిపోయింది. ఆ స్వేచ్ఛ ఫలాలు తిన్నవాళ్ళు వేరు.

తిరిగి హబీబ్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా వేధించేవాడు అతనే. కలకత్తాలో ఆడే పెద్ద ఆటగాళ్ళకు బ్యాంకుల్లోనూ రైల్వేలోనూ ఉద్యోగాలు దొరికేవి. బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ముప్ఫై రాకముందే ఆట మానవలసి వచ్చినప్పుడు రైల్వే ఉద్యోగమే ఆసరా అయింది. హబీబ్ మాత్రం ఉద్యోగం వద్దన్నాడు. నేను ఆటగాణ్ణి, ఆటే నా పని అన్న మనిషి. దేశంలో తొలి నిజమైన వృత్తి ఆటగాడని అతన్ని అంటారు. మూడు పెద్ద క్లబ్బులకూ మార్చి మార్చి ఆడాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2తో నిలిచినప్పుడు అందులో ఒక గోలు అతనిది. హైదరాబాదు బస్తీ కుర్రవాణ్ణి కలకత్తా "బడే మియా" అని పిలుచుకుంది.

అతని నిర్ణయాన్ని ఆత్మగౌరవం అని మెచ్చుకుని ఊరుకోవడం తేలిక. మన పత్రికలు అతను చనిపోయినప్పుడు, 2023 ఆగస్టు 15న, అదే చేశాయి. దాని ఆర్థిక స్వభావం చూడాలి. ఉద్యోగం వద్దనడం అంటే పింఛను వద్దనడం, ఏటేటా తన కాళ్ళను తానే అమ్ముకోవడం. పోలీసు ఆటగాడికి భద్రత ఉంది, ధర అడిగే హక్కు లేదు. హబీబ్‌కు ధర అడిగే హక్కు ఉంది, కాళ్ళు ఆడినన్నాళ్ళు. రెండూ కలిసి ఉన్న ఒప్పందం మన దేశంలో ఏ ఆటగాడికీ ఎవరూ రాసివ్వలేదు. రచయితలకు ఇది కొత్తగా అనిపించకూడదు. నవల హక్కులు టోకున అమ్ముకున్నవాళ్ళూ, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట రాసినవాళ్ళూ మనలో ఎంతమంది లేరు!

ఇప్పుడు జీతాల పరిమితి సంగతి. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అని పిలిచేది ఎక్కువగా చేతులతో ఆడే ఆట. అయినా ఈ విషయంలో వాళ్ళ లెక్క నేర్చుకోదగినది. అక్కడ ఆటగాళ్ళు 1987లో సమ్మె చేసి ఓడిపోయి, తర్వాత కోర్టుల్లో గెలిచి, 1993లో గడువు తీరినవాడు కోరిన జట్టుకు పోయే హక్కు సంపాదించారు. దానికి బదులుగా 1994 నుంచి ప్రతి జట్టు మొత్తం జీతాలకు పరిమితి ఒప్పుకున్నారు. ఆ పరిమితి లీగు ఆదాయంతో ముడిపడి ఉంటుంది, ఆదాయం పెరిగితే అదీ పెరుగుతుంది. ఒప్పందాల్లో మాయ కూడా ఉంది. సంతకం నాడే ఇచ్చే బోనసును లెక్కలో ఐదేళ్ళకు పంచి చూపుతారు. పత్రికల్లో పడే పెద్ద అంకెలో గట్టి హామీ ఉన్నది కొంతే. మిగతా ఏళ్ళు రాకముందే మనిషిని తీసేస్తే ఆ డబ్బు గాలికి పోతుంది. అయినా ఆ పరిమితి యజమానులూ సంఘమూ ఎదురెదురుగా కూర్చుని కుదుర్చుకున్నది.

మన దగ్గర 2014లో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది, పరిమితీ వచ్చింది. కొన్నేళ్ళ క్రితం అది జట్టుకు 16 కోట్ల రూపాయల పైచిలుకు. ఆటగాళ్ళ సంఘం 2006 నుంచే ఉన్నా, ఆ అంకె సంఘంతో బేరమాడి తేల్చింది కాదు. పై హద్దు గీసినవాళ్ళు, నెలనెలా చెల్లించి తీరాలనే కింది హద్దును అంత గట్టిగా గీయలేదు. దీనికి సాక్ష్యం మన ఊరి పేరు పెట్టుకున్న క్లబ్బే. హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీల్లో 3-1తో ఓడించి విజేత అయింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి నేనూ సంతోషించాను, దాచుకోను. ఏడాదిన్నర తిరగకుండానే జీతాల బకాయిలు, మాజీ ఆటగాళ్ళ ఫిర్యాదులు, కొత్తవాళ్ళను చేర్చుకోరాదని ఫిఫా నిషేధం. 2023-24లో ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచింది.

అప్పుడు చాలామంది ఆటగాళ్ళు "స్వేచ్ఛ" పొందారు. ఫిఫా నిబంధన ప్రకారం రెండు నెలల జీతం అందకపోతే, పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇచ్చి ఆటగాడు ఒప్పందం తెంచుకోవచ్చు. 2018లో చేర్చిన మంచి నిబంధన ఇది, కాదనను. కాని ఆ తలుపు తెరుచుకోవాలంటే ముందు రెండు నెలలు ఇంట్లో పొయ్యి సంగతి చూసుకోవాలి. పేరున్న విదేశీయుడు చూసుకోగలడు. ఇరవయ్యేళ్ళ కుర్రవాడు తండ్రికి ఫోను చేస్తాడు.

మరొక మాట. హైదరాబాద్ క్లబ్బు నిజానికి పుణె క్లబ్బు మూతపడి ఖాళీ అయిన స్థానంలో వచ్చింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి పోయింది, పేరు కూడా మార్చుకుంది. ఇన్నాళ్ళూ ఎవరిని కట్టేయాలి, ఎవరిని వదలాలి అని వాదించుకున్నది ఆటగాడి గురించే. ఊరు మార్చుకున్నది మాత్రం యజమాని. ఒప్పందం మిగిలి ఉన్న ఆటగాళ్ళు సామాను వెంట సామానులా వెళ్ళారు. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు చొక్కాలతో అరిచిన పిల్లలకు ఎవరూ నోటీసు కూడా ఇవ్వలేదు.

ఆ యువ మిత్రుడు మొన్న నారాయణగూడ చౌరస్తాలో మళ్ళీ కనిపించాడు. వ్యాసం అయిందా అని అడిగాడు. అయిందన్నాను. వాళ్ళ పెదనాన్న ఒకాయన ఏదో డిపార్టుమెంటు జట్టులో రైట్ బ్యాక్ ఆడేవాడట, ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఉద్యోగపు కాగితాలు ఇనప్పెట్టెలో ఇంకా ఉన్నాయన్నాడు. ఆదివారం వాళ్ళింటికి వెళుతున్నాను.