పెదపారుపూడికి రంగూన్ స్వదేశమైన రోజులు

1937 మార్చి నెలాఖరు దాకా మా పెదపారుపూడి నుంచి రంగూన్‌కు ఉత్తరం వేయాలంటే గుడివాడకు వేసే ఉత్తరానికి అంటించే బిళ్లే చాలు. మధ్యలో బంగాళాఖాతమంతా ఉన్నా, తపాలా లెక్కలో బర్మా పరదేశం కాదు. మద్రాసు సర్కిలు ఎలాగో బర్మా సర్కిలూ అలాగే. అదే కాలంలో, మా జిల్లా ముఖ్యపట్టణమైన బందరులోని పరాసుపేట మీద హక్కు ఫ్రెంచివాళ్లది. ఇటు గోదావరి ఒడ్డున యానాంలో తెలుగువాడు తెలుగులోనే రాసుకున్న ఉత్తరం మీద ఫ్రెంచి బిళ్ల ఉండేది.

ఊరి చరిత్ర అనగానే కాలువ తవ్విన ఏడు, గుడి కట్టించినవారి పేర్లు, కరణాల లెక్కలు చెప్పుకుంటాం. ఊళ్లోకి ఉత్తరం ఏ దారిన వచ్చిందో ఎవరూ అడగరు. నా మటుకు నాకు ఆ దారి చాలా ముఖ్యం. మనల్ని ఏలినవాళ్లు ఈ ఊరిని ఏ దేశాలతో కలిపి లెక్కగట్టారో అందులో తెలుస్తుంది.

ఆ దారికి మొదలు బందరు. డచ్చివాళ్ల వెనకే 1611లో ‘గ్లోబ్’ ఓడ మీద ఇంగ్లీషువాళ్లు దిగి అక్కడ వర్తకశాల పెట్టారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట పేర్లు నేటికీ అక్కడ వాడుకలో ఉన్నాయి. వర్తకశాల దొరల ఉత్తరాలు గోల్కొండ మీదుగా సూరతుకు కాలినడక మనుషులు మోసేవారు. లండన్‌కు ఓడ మీద వెళ్లినదానికి జవాబు రావాలంటే ఏడాది దాటేది. వాటిలో సరుకుల ధరలు, అప్పులు, తగాదాలే ఉండేవి. చుట్టుపక్కల రైతుకు ఆ సంచీతో పని లేదు.

డబ్బిచ్చి ఎవరైనా ఉత్తరం పంపుకోవచ్చని వారన్ హేస్టింగ్స్ అనుమతించింది 1774లో. మద్రాసులో జనరల్ పోస్టాఫీసు 1786 జూన్ 1న మొదలైంది. అక్కడి నుంచి ఉత్తరంగా గంజాం దాకా కోస్తా వెంట ఒక అంచె దారి. ఈటెకు గంటలు కట్టుకున్న మనిషి కొన్ని మైళ్లు పరుగెత్తి సంచీని ఇంకొకరి భుజానికి మార్చేవాడు. వానాకాలంలో మన డెల్టా రేగడిలో నడిచినవారికే తెలుస్తుంది ఆ పరుగు ఎంత కష్టమో. ఆ మోసినవాళ్ల పేరు ఒక్కటీ మన ఊళ్ల చరిత్రల్లో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1837 చట్టంతో ఉత్తరాల రవాణా సర్కారు గుత్తాధిపత్యమైంది. దూరం పెరిగేకొద్దీ రుసుమూ పెరిగేది. కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువుకు రూపాయి. అంత ఖర్చు పెట్టి పేదవాడు ఏం రాస్తాడు? 1854 అక్టోబరు 1న దూరం లెక్క తీసేశారు. పావు తులం లోపు ఉత్తరానికి దేశంలో ఎక్కడికైనా అర్ధణా. పావు తులమంటే మూడు గ్రాముల లోపే కాబట్టి పల్చటి కాగితం, చిన్న అక్షరాలు తప్పనిసరి. బిళ్ల లేకుండా పంపిన బేరింగు ఉత్తరానికి అందుకున్నవాడు రెట్టింపు కట్టాలి. 1879 జూలై 1న కాణీకే కార్డు వచ్చింది. సామాన్యుడికి తపాలా నిజంగా అందింది అప్పుడేనని నా అభిప్రాయం. 1880 నుంచి పోస్టాఫీసే మనియార్డర్లు తీసుకుంది.

ఇదే శాఖ సముద్రాల అవతల కూడా నడిచింది. సింగపూరు, పెనాంగుల్లో 1867 దాకా, ఏడెన్‌లో 1937 దాకా భారత తపాలాదే పెత్తనం. మస్కట్‌లో 1864లో, బహ్రెయిన్‌లో 1884లో ఆఫీసులు తెరిచారు. నేడు మనవాళ్లు కూలికి వెళ్తున్న దుబాయికి మొదటి పోస్టాఫీసు 1909లో ఇచ్చింది కూడా భారత తపాలా శాఖే. దీన్ని మన గొప్పగా చెప్పేవారున్నారు. నేను ఒప్పుకోను. ఆఫీసు ఎక్కడ పెట్టాలో తేల్చింది సామ్రాజ్యం అవసరాలు. మనవాళ్లు దానికి గుమాస్తాలు, మోతగాళ్లు.

అయినా ఆ ఏర్పాటును పేదవాడు తన పనికి వాడుకున్నాడు. కలకత్తా–రంగూన్ మధ్య తపాలా మోసే కాంట్రాక్టుతో 1856లో పుట్టిన స్టీమరు కంపెనీయే తర్వాత బ్రిటిష్ ఇండియా కంపెనీ అయింది. ఆ స్టీమర్ల మీద కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి తెలుగు కూలీలు రంగూన్ రేవుకు, ధాన్యం మిల్లులకు వెళ్లారు. ఎక్కువమంది గంజాం, విశాఖ, గోదావరి జిల్లాలవారు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి కాలువ నీరు వచ్చాక మన వైపు నుంచి వలస తక్కువే. వెళ్లినవాడి ఇంటికి మాత్రం రంగూన్ మనియార్డరే పండగ. ఫారం అడుగున రాసిన రెండు ముక్కలు చదివి వినిపించేది చాలా ఇళ్లలో తపాలా బంట్రోతే. 1908కల్లా బెజవాడ–గుడివాడ–బందరు రైలు నడిచాక సంచీ ప్రయాణం గంటల్లోకి వచ్చింది.

1936 నవంబరులో మా ఊళ్లో ‘ఈనాడు’ పత్రిక స్థాపకులు రామోజీరావు గారు పుట్టారు. ఆయనకు అయిదు నెలలు నిండకముందే, 1937 ఏప్రిల్ 1న, బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. అదే రోజు నుంచి అక్కడ భారత బిళ్లల మీద ‘బర్మా’ అని ఇంగ్లీషులో అచ్చొత్తి అమ్మారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. వేలమంది కొండలు, అడవులు దాటుకుంటూ నడిచి వచ్చారు. ఎందరి ఉత్తరాలో ఆగిపోయాయి. పరాసుపేట మీద ఫ్రెంచి హక్కు 1947 అక్టోబరు 6న పోయింది.

మన వైపు పాత పెట్టెల్లో రంగూన్ కవర్లు ఉండకపోవు. దొరికితే బిళ్ల కోసం కవరు చింపకండి. రంగూన్ ముద్ర తేదీ, చేరిన పోస్టాఫీసు ముద్ర తేదీ చూస్తే దారిలో ఎన్నాళ్లు పట్టిందో తెలుస్తుంది. 1937 ఏప్రిల్‌కు ముందుదైతే మామూలు భారత బిళ్లే ఉంటుంది. చిరునామాలో ఊరి కింద తాలూకా, జిల్లా ఏమని రాశారో కూడా చూడండి. కవరు ఇవ్వడం ఇష్టం లేకపోతే రెండు వైపులా ఫొటో తీసి ఇచ్చినా చాలు, ఊరి చరిత్రలో చేర్చుకుందాం.